గుంటూరుకి ఆన్‌సైట్ వచ్చిన అమెరికా డాక్టరమ్మ: అన్నా కుగ్లర్ కథ

గుంటూరు నుంచి ఒంగోలు దాకా ఏ ఊళ్లో ఏ ఇంటి అరుగు మీద కూర్చున్నా అమెరికా కబురు ఒకటి వినపడుద్ది. పెద్దోడు డల్లాస్‌లో ఉన్నాడు, కోడలు న్యూజెర్సీలో చేస్తోంది, చిన్నదానికి ఐ-ట్వంటీ వచ్చింది, వీసా స్లాటే దొరకట్లేదు. పత్తి రేటు, మిర్చి రేటు తర్వాత మన వైపు ఎక్కువగా మాట్లాడుకునేది దీని గురించే.

ఈ ఎపిసోడ్‌లో ఆ దారిని తిరగేసి చూద్దాం. అమెరికా నుంచి గుంటూరుకి ఉద్యోగం కోసం వచ్చిన ఒక మనిషి గురించి. ఏడాదికో రెండేళ్లకో వచ్చి సెల్ఫీ దిగి వెళ్లిన మనిషి కాదు. 1883లో వచ్చారు, 1930లో ఇక్కడే కన్నుమూశారు. పేరు అన్నా సారా కుగ్లర్. గుంటూరు వాళ్లకి ఈపాటికే వెలిగి ఉంటుంది. అవును, కుగ్లర్ ఆసుపత్రి కుగ్లరే. ఆ ఆసుపత్రిలో పుట్టినవాళ్లు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. ఆ పేరు ఎవరిదో తెలిసినవాళ్లు మాత్రం తక్కువ.

ఆమె గొప్పదనం చెప్పి దండం పెట్టించడం కోసం ఈ ఎపిసోడ్ చేయట్లేదు. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరే. భాష రాదు, బంధువు లేడు, ముట్టుకుంటే మైల అనుకునే ఇళ్లు ఎదురుగా ఉన్నాయి. అలాంటి చోట పరాయి దేశపు ఆడమనిషి రోజూ పొద్దున్నే లేచి పని ఎట్లా చేసింది? ఎవరు చేయనిచ్చారు?

ముందు ఆఫర్ లెటర్ దగ్గర మొదలుపెడదాం.

కుగ్లర్ 1856 ఏప్రిల్ 19న పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఆర్డ్‌మోర్ అనే ఊళ్లో పుట్టారు. ఫిలడెల్ఫియాలో ఆడవాళ్ల కోసమే 1850లో పెట్టిన మెడికల్ కాలేజీ ఒకటి ఉండేది. అందులో 1879లో డాక్టరు పట్టా తీసుకున్నారు. తర్వాత నారిస్‌టౌన్‌లో ప్రభుత్వ మానసిక వైద్యశాలలో, ఆడవాళ్ల విభాగంలో రెండేళ్లు అసిస్టెంట్ డాక్టరుగా పనిచేశారు. అంటే చేతిలో డిగ్రీ, ఎక్స్‌పీరియన్స్, ఉద్యోగం అన్నీ ఉన్నాయి.

1882లో ఆమెకి గుంటూరు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసింది ఆడమ్ రో అనే లూథరన్ మిషనరీ. ఇక్కడ ఆడవాళ్లకి వైద్యం చేసే ఆడ డాక్టరు కావాలి అన్నది సారాంశం. ఆమె సరే అన్నారు. మరి పంపించాల్సింది ఎవరు? వాళ్ల చర్చి మహిళా మిషనరీ సొసైటీ. వాళ్లేమో మెడికల్ పని మొదలుపెట్టడానికి మేమింకా సిద్ధంగా లేం అన్నారు. టీచరుగా అయితే పంపిస్తాం అన్నారు. ఘోషాలో ఉండే ఆడవాళ్ల ఇళ్లకి వెళ్లి చదువు చెప్పే పని.

ఇది వింటే మన ఐటీ వాళ్లకి నవ్వొస్తది. జావా డెవలపర్ అని ఆఫర్ ఇచ్చి, చేరిన రోజే నైట్ షిఫ్ట్ సపోర్ట్‌లో కూర్చోబెట్టే కంపెనీలు మనకి తెలుసు కదా. నేనూ అట్లా కూర్చున్నవాణ్నే. ఇక్కడ జరిగింది దానికి తలకిందులు. డాక్టరుకి టీచర్ డెసిగ్నేషన్ ఇచ్చారు. ఆమె ఒప్పుకున్నారు, డాక్టరు సామాను కూడా పెట్టెలో సర్దుకున్నారు.

1883 ఆగస్టు 25న ఓడ ఎక్కారు. నవంబర్ 29న గుంటూరు చేరారు. లెక్కేస్తే 96 రోజులు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. అదే 1883లో, నాలుగు నెలల ముందు, కలకత్తా రేవులో ఇంకొక ఓడ బయల్దేరింది. అందులో ఉన్నది ఆనందీబాయి జోషి. మహారాష్ట్ర అమ్మాయి, వయసు 18. ఆమె వెళ్తున్నది ఎక్కడికో తెలుసా? కుగ్లర్ చదివిన అదే కాలేజీకి. 1886లో ఆనందీబాయి డాక్టరు పట్టా తీసుకుని తిరిగొచ్చారు. కానీ క్షయ వచ్చి 1887 ఫిబ్రవరిలో చనిపోయారు. ప్రాక్టీసు మొదలుపెట్టే అవకాశమే దొరకలేదు.

ఒకే ఏడాది, ఒకే కాలేజీ, ఎదురెదురు దార్లు. ఆడవాళ్లకి ఆడ డాక్టరు ఉండాలి అనే ఆలోచన ఎవరో తెల్లవాళ్లు తెచ్చి మన నెత్తిన పెట్టింది కాదు. ఈ దేశపు ఆడపిల్ల సముద్రం దాటితే కులం పోతుందన్న రోజుల్లో సముద్రం దాటింది దానికోసమే. అవసరం ఇక్కడే ఉంది. ఆ సంగతి మనసులో పెట్టుకుంటే కుగ్లర్ కథ సరిగ్గా అర్థమవుద్ది.

ఇక గుంటూరు. ఈ రోజు మనం చూసే గుంటూరు కాదు. అప్పటికి గుంటూరు జిల్లానే లేదు, ఊరు కృష్ణా జిల్లా కింద ఉండేది. జిల్లా ఏర్పడింది 1904లో. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది. గుంటూరుకి రైలు ఇంకా రాలేదు. కాలవల్లో పడవ, రోడ్డు మీద ఎద్దుబండి, అంతే ప్రయాణం. మన నల్లరేగడి సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఎండాకాలం కాలు దూరేంత బీటలు. వానాకాలం బండి చక్రం ఇరుసు దాకా దిగిపోయే బురద. పెన్సిల్వేనియాలో మంచు చూసి పెరిగిన మనిషికి మే నెల గుంటూరు ఎండ ఎట్లా ఉంటదో ఊహించుకోండి. కరెంటు లేదు, ఫ్యాను లేదు.

అమెరికా వాళ్లు మన వైపు రావడం ఇదే మొదలు కాదు. హేయర్ అనే లూథరన్ పాస్టరు 1842 జూలై 31నే గుంటూరు వచ్చారు. మధ్యలో వెనక్కి వెళ్లి, 50 దాటిన వయసులో మెడిసిన్ చదువుకుని మళ్లీ వచ్చారు. ఒంగోలులో క్లౌ అనే బాప్టిస్టు మిషనరీ 1866 నుంచి ఉన్నారు. కాబట్టి తెల్లమొహం చూడటం జనానికి కొత్త కాదు. దొరలు, దొరసానులు తెలుసు. కానీ దొరసానిని దూరం నుంచి చూడటం వేరు, ఇంట్లోకి పిలిచి పురుటి మంచం దగ్గరికి తీసుకెళ్లడం వేరు.

మొదటి అడ్డం భాష. అప్పటికి బ్రౌన్ దొర నిఘంటువు వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. ఇంగ్లీషు వాళ్లు తెలుగు నేర్చుకోవడానికి పుస్తకాలు ఉన్నాయి. కానీ డాక్టరుకి కావాల్సిన తెలుగు పుస్తకంలో దొరికే తెలుగేనా? మన ఇంట్లో ఆడవాళ్లు ఒంట్లో బాగోకపోతే ఏమంటారో గుర్తు తెచ్చుకోండి. వేడి చేసింది. తల తిప్పుతోంది. కాళ్లు లాగుతున్నాయి. గుండెల్లో మంట. నెల తప్పింది. కడుపు పోయింది. నీళ్లోసుకుంది.

నీళ్లోసుకుంది అంటే నిఘంటువు చూసి స్నానం చేసింది అనుకుంటే అయిపోయినట్టే. గర్భం వచ్చింది అని అర్థం. గుండెల్లో మంట అంటే గుండె జబ్బు అనుకుంటే ఇంకో తంటా, అది కడుపులో పులుపు. పైగా ఈ మాటలు కూడా గట్టిగా చెప్పరు. అత్తగారు పక్కన ఉంటే కోడలు నోరు విప్పదు, కోడలి తరఫున అత్తగారే చెప్తది. బయటి నుంచి వచ్చిన డాక్టరు నేర్చుకోవాల్సింది అక్షరాలు మాత్రమే కాదు, ఎవరి ముందు ఎవరు ఏం మాట్లాడతారు అన్నది కూడా. మన పిల్లలు అమెరికాలో డాక్టర్లుగా చేరినప్పుడు అక్కడి పేషెంట్ల యాసతో పడే కష్టం ఇదే కదా.

రెండో అడ్డం తలుపు. ముస్లిం ఇళ్లలో, కొన్ని పెద్ద కులాల ఇళ్లలో ఆడవాళ్లు పరాయి మగవాడి ముందుకి రారు. మగ డాక్టరు ఉన్నా లాభం లేదు. తెర అవతల నుంచి చెయ్యి చాపితే నాడి చూసి మందు ఇవ్వడం, అంతే. కాన్పు కష్టమైతే మంత్రసాని ఉంది. ఆమె చేతిలో అనుభవం ఉంది, నిజమే. కానీ బిడ్డ అడ్డం తిరిగితే, రక్తం ఆగకపోతే ఆమె చేతిలో పరికరం లేదు. అప్పుడిక దేవుడే దిక్కు. తల్లి పోతే రాత ఇంతే అని కళ్లు తుడుచుకోవడమే.

మరి ఆడ డాక్టరు వస్తే తలుపు తెరుచుకుందా? వెంటనే తెరుచుకోలేదు. ఆచారం ఉన్న ఇళ్ల లెక్కలో తెల్లవాళ్లు మ్లేచ్ఛులు. ముట్టుకుంటే మైల. ఆమె తాకితే స్నానం చేయాలి, ఆమె చేతి నీళ్లతో కలిపిన మందు తాగొచ్చా లేదా అన్నది పెద్ద మీమాంస. పైగా పురుడు అంటేనే మైల. అసలే మైల ఉన్న గదిలోకి మైల మనిషి రావడం.

ఇప్పుడు ఇది విని, అప్పటి వాళ్లు ఎంత వెనకబడ్డారో అని మనం నవ్వేముందు అమెరికా సంగతి కూడా చూద్దాం. 1881లో వాళ్ల ప్రెసిడెంట్ గార్‌ఫీల్డ్‌ని ఒకడు కాల్చాడు. తూటా వల్ల వెంటనే పోలేదు. డాక్టర్లు కడగని వేళ్లు గాయంలో పెట్టి తూటా కోసం వెతికారు. ఇన్‌ఫెక్షన్ వచ్చి రెండున్నర నెలలు నరకం చూసి పోయాడు. అంటే కుగ్లర్ ఓడ ఎక్కడానికి రెండేళ్ల ముందు, దేశాధ్యక్షుడికి వైద్యం చేసే డాక్టర్లే చేతులు శుభ్రం చేసుకోవడం సరిగ్గా పాటించని కాలం అది. మన దగ్గర స్నానాలు ఎక్కువే, కానీ మన మడి చూసేది క్రిమిని కాదు, ముట్టుకున్నది ఏ కులం అని. రెండు చోట్లా ప్రాణాలు పోయింది అలవాటు వల్లే. అలవాటు పేరు మాత్రం వేరు.

అయినా మొదటి ఏడాది లెక్క చూడండి. టీచరుగా వచ్చిన ఈమె ఆ ఏడాదిలో రోగుల ఇళ్లకి వెళ్లి 185 మందికి వైద్యం చేశారు. తను ఉన్న ఇంటికి వచ్చిన 276 మందికి చేశారు. మొత్తం 461. బళ్ల పనులు, చదువు చెప్పడం ఒక పక్క నడుస్తుండగానే ఇది.

ఈ రెండు అంకెల్లో నాకు చిన్న అంకె పెద్దగా కనపడింది. 276 మంది ఆమె దగ్గరికి వచ్చారు. వచ్చినవాళ్లలో ఎక్కువమందికి వేరే దారి లేకపోయుండొచ్చు. కానీ 185 మంది ఆమెని తమ ఇంటికి రానిచ్చారు. ప్రతి నూరు మందిలో నలభై మంది. ఆ ఒక్కొక్క పిలుపు వెనక ఒక ఇంట్లో పెద్ద వాదన జరిగి ఉంటుంది. పిలుద్దామా వద్దా, నలుగురూ ఏమనుకుంటారు, పిల్ల ప్రాణం ముఖ్యమా మడి ముఖ్యమా. ఎక్కడో ఒక తల్లో, ఒక భర్తో, ఒక నాయనమ్మో తెగించి బండి కట్టించి కబురు పంపారు. కుగ్లర్ ధైర్యం గురించి అందరూ చెప్తారు. ఆ నాయనమ్మ ధైర్యం సంగతి ఎవరు చెప్తారు? ఆమె పేరు ఏ రిపోర్టులోనూ ఎక్కదు. డాక్టరుకి పట్టా ఇచ్చింది ఫిలడెల్ఫియా కాలేజీయే. కానీ గుంటూరులో ఆమెని డాక్టరుని చేసింది ఆ తలుపు తీసినవాళ్లు.

ఆఫీసుకి ఈ సంగతి ఎక్కడానికి ఇంకా టైం పట్టింది. 1885 డిసెంబరులో సొసైటీ ఆమెని అధికారికంగా మెడికల్ మిషనరీగా నియమించింది. అంటే రెండేళ్ల పైన పని చేసి చూపించాక డెసిగ్నేషన్ మారింది. తర్వాత గుంటూరులో మందులిచ్చే డిస్పెన్సరీ నడిచింది. 1889లో సెలవు మీద అమెరికా వెళ్లారు. అక్కడ ఇంకొంత చదువు, ఆసుపత్రి కోసం చందాల పని. 1891లో మళ్లీ గుంటూరు. తర్వాత మేరీ బేర్ అనే ఇంకో డాక్టరు, కేథరిన్ ఫాస్ అనే నర్సు వచ్చి తోడయ్యారు. 1898లో 50 పడకల ఆసుపత్రి తెరిచారు. ఇంటి వరండాలో మొదలైన పని ఆసుపత్రి అవ్వడానికి 15 ఏళ్లు పట్టిందన్నమాట.

ఆసుపత్రి కట్టాక ఇంకో సమస్య. మన దగ్గర ఆసుపత్రిలో చేరేది ఒక్కరు కాదు కదా, ఇల్లంతా చేరుద్ది. అమ్మ, అత్త, ఇద్దరు పిల్లలు, బియ్యం మూట. మరి వీళ్లు ఎక్కడ పడుకోవాలి, ఎవరి వంట తినాలి? మిషన్ వాళ్ల వంట తింటే కులం పోతుందని భయం. తినకపోతే రోగిని వదిలేసి వెళ్లిపోవాలి. దీనికి దారి చూపింది ఏలూరు రాజా భుజంగరావు బహద్దూర్. ఆయన ఇంటివాళ్లకి కుగ్లర్ వైద్యం చేశారు. ఆ కృతజ్ఞతతో రోగుల తాలూకు హిందూ కుటుంబాలు దిగడానికి ఆసుపత్రి దగ్గర సత్రం కట్టించారు. సత్రం అనేది పూర్తిగా మన పద్ధతి, యాత్రకి వెళ్లేవాళ్ల కోసం పుట్టింది. దాన్ని తెచ్చి ఒక అమెరికన్ ఆసుపత్రి పక్కన పెట్టారు. ఎవరి పొయ్యి వాళ్లు వెలిగించుకుంటారు, వైద్యం మాత్రం ఇక్కడ జరుగుద్ది. అమెరికా డబ్బుతో కట్టిన ఆసుపత్రి తలుపు దాకా జనం రావడానికి తెలుగు సత్రం కావాల్సొచ్చింది.

ఇప్పుడు కొంతమంది కామెంట్‌లో అడగబోయే ప్రశ్న నేనే అడుగుతా. ఇదంతా మతం మార్చడానికే కదా? సూటిగా చెప్తా. ఆమె మిషనరీ. పంపింది చర్చి, ఖర్చు పెట్టింది చర్చి, మందుతో పాటు తమ మతం మాట చెప్పాలన్నది ఆ సంస్థ ఉద్దేశం. అది దాచాల్సిన సంగతి కాదు, వాళ్లూ దాచలేదు. అలాగే తెల్లవాళ్ల రాజ్యం నడుస్తున్న దేశంలో తెల్ల ఒంటిరంగు ఉండటం ఒక అధికారమే, ఆమె బ్రిటిషు మనిషి కాకపోయినా. ఆ ప్రభుత్వమే 1905లో ఆమెకి కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది, 1917లో మళ్లీ ఇంకోసారి గౌరవించింది.

అయితే ఇంకో వైపు కూడా చూడండి. వైద్యం చేయించుకున్న రాజా గారు హిందువుల కోసం సత్రం కట్టించారు. ఆయనకి కావాల్సింది ఆయన తీసుకున్నారు, అక్కర్లేనిది వదిలేశారు. అంతకంటే ముందు తలుపు తీసిన మామూలు ఇళ్లవాళ్లు కూడా అదే చేసుంటారు. వాళ్లని అమాయకులు, ఎవరో వచ్చి మాయ చేశారు అనడం వాళ్ల తెలివిని తక్కువ చేయడమే. కొందరు ఆ మతంలోకి వెళ్లారు, దానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వని మనుషులకి, మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్న డాక్టరు ఏమనిపిస్తుందో పక్కనుంచి చూసే మనం తీర్పు చెప్పలేం.

ఇంకొక సంగతి. ఒక డాక్టరు ఆసుపత్రి నడపలేదు. గాజుగుడ్డ ఉడకబెట్టినవాళ్లు, మందు కలిపినవాళ్లు, రాత్రిళ్లు మేలుకున్న నర్సులు, బండి తోలినవాళ్లు, భయపడుతున్న పేషెంటుకి మన తెలుగులో సర్దిచెప్పిన ఆడవాళ్లు ఉన్నారు. ఇళ్లలో కూడా బయటికి వచ్చి ఉద్యోగం చేయడం తప్పు అనే రోజుల్లో నర్సు పని నేర్చుకున్న తెలుగు అమ్మాయిలు వాళ్లు. గోడ మీద పేరు ఒక్కరిదే పడింది. చరిత్ర చదివేటప్పుడు ఆ గోడ వెనక ఎవరున్నారని అడగడం మన పని.

కుగ్లర్ 1930 జూలై 26న గుంటూరులోనే చనిపోయారు. వయసు 74. వచ్చినప్పుడు 27. జీవితంలో ఎక్కువ ఏళ్లు గుంటూరులోనే గడిచాయి. ఆసుపత్రికి ఆమె పేరే నిలిచింది. పేరు పలకడానికి నోరు తిరగకపోయినా మనవాళ్లు దాన్ని రిక్షావాడికి చెప్పే గుర్తుగా మార్చేసుకున్నారు. పరాయి మనిషి ఒక ఊరి మనిషి అయిపోయింది అనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఇప్పుడు ఈ వీడియో చూస్తున్నవాళ్లలో చాలామంది రేపో మాపో ఫ్లైట్ ఎక్కుతారు. కొత్త దేశంలో అద్దె ఇల్లు దొరకదు, యాస అర్థం కాదు, ఇచ్చిన పని మీరు చదివిన పని కాదు. అప్పుడు మొదట తలుపు తీసేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. రూమ్‌లో చోటిచ్చిన సీనియర్ కావచ్చు, పక్కింటి ముసలావిడ కావచ్చు. వాళ్ల పేరు గుర్తుపెట్టుకోండి. అలాగే మన ఊరికి ఒడిశా నుంచో బీహార్ నుంచో పనికి వచ్చి మిర్చి బస్తాలు మోస్తున్న మనిషి కూడా భాష రాక నిలబడే ఉన్నాడు. వాడి ముందు ఉన్న తలుపు మన ఇంటిది.

ఒక చిన్న పని చెప్తా. ఇవాళ మీ అమ్మమ్మకో నాయనమ్మకో ఫోన్ చేయండి. వాళ్ల కాన్పులు ఎక్కడ జరిగాయి, ఎవరు చేశారు, ఆసుపత్రికి వెళ్దామని ఇంట్లో మొదట ఎవరన్నారు అని అడగండి. మీ ఇంట్లో తలుపు తీసిందెవరో తెలుస్తది. ఆ పేరు కామెంట్‌లో రాయండి, నేను ప్రతి ఒక్కటీ చదువుతా. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.